ఏడు స్లైములు, ఇరవై అక్షరాలు

మే 31, 2025, శనివారం. నిషికసాయి, టోక్యో.

ఇవాళ జపనీస్ క్లాసయ్యాక ఇంటికి రాకుండా అకిహబారా వెళ్లా. మూడు వారాల నుంచీ సెన్సేయి ఒకటే మాట: “హిరగానా చదవడం వచ్చేసింది కదా, ఇక పాఠ్యపుస్తకం పక్కన పెట్టి డ్రాగన్ క్వెస్ట్ మొదటిది ఆడండి. అందులో మాటలన్నీ పదేళ్ల పిల్లలు చదివేలా ఉంటాయి.” ఆయన ఈ వార్డులో వాలంటీరుగా పాఠాలు చెబుతారు. 1986లో ఆ ఆట వచ్చినప్పుడు ఆయనకి సరిగ్గా పదేళ్లు.

పాత ఆటలమ్మే కొట్లో గాజు అలమరలో దొరికింది. కొట్టతను “కసెట్టో” అన్నాడు. నాకు ఒళ్లు పులకరించింది. తెనాలిలో మా తమ్ముడు వేసవి సెలవుల్లో గంటల లెక్కన అద్దెకి తెచ్చుకునే వీడియో గేముకి మేమూ క్యాసెట్ అనేవాళ్లం. ఆ తెనాలి డబ్బా, ఈ ఆట ఆడే ఫామికాన్ అనే జపాన్ యంత్రానికి నకలట! వాడు క్యాసెట్ పెట్టే ముందు అంచుని నోటితో ఊదేవాడు. ఇక్కడి పిల్లలూ అలాగే ఊదేవారని సెన్సేయి చెప్పారు.

ఈ క్యాసెట్లో ఉన్న జాగా మొత్తం 64 కిలోబైట్లు. ఇవాళ కొట్లో నా ఫోన్‌తో తీసిన ఒక్క ఫొటో దీనికి ఎన్నో రెట్లుంటుంది. జాగా చాలక కతకానా అక్షరాల్లో ఇరవై మాత్రమే ఉంచుకుని మిగతావి తీసేశారు. ఆ ఇరవైలో ‘అ’ లేదు. ఊళ్లకీ భూతాలకీ పేర్లన్నీ ఆ ఇరవై అక్షరాల్లోనే వెతుక్కోవాలి. ‘అ’ లేకుండా ఒక లోకాన్ని కట్టినవాళ్ల మీద ఆట మొదలు పెట్టకముందే గౌరవం కలిగింది.

జూన్ 1, ఆదివారం

పొద్దున ఇడ్లీలయ్యాక మొదలుపెట్టాం, నేనూ మా అబ్బాయి చిన్నా.

పేరు అడిగింది. నాలుగే గళ్లు. మా అమ్మ పేరు పెట్టా, కమల. జపనీస్‌లో ‘ల’ లేదు కాబట్టి ‘కమర’ అయింది. మూడక్షరాలు, ఒక గడి ఖాళీ.

ఆట తెరుచుకోగానే రాజుగారి గదిలో ఉన్నాం. ఆయన చెప్పాల్సింది చెప్పారు: ర్యూఓ అనే డ్రాగన్ రాజు వెలుగు గోళాన్ని ఎత్తుకుపోయాడు, తీసుకురావాలి. అక్కడితో సరి. బయటికి పోదామంటే తలుపుకి తాళం. గదిలో మూడు పెట్టెలున్నాయి. ఒకదాంట్లో డబ్బు, ఒకదాంట్లో కాగడా, ఒకదాంట్లో తాళంచెవి. పెట్టె మీద నిలబడి ‘తీసుకో’ అనాలి. తలుపు పక్కన నిలబడి ‘తలుపు’ అనాలి. మెట్ల మీదకొచ్చి ‘మెట్లు’ అనాలి. సైనికుడితో మాట్లాడాలంటే ‘మాట్లాడు’ అని, ఏ దిక్కున ఉన్నాడో కూడా చెప్పాలి. తూర్పా, పడమరా, ఉత్తరమా, దక్షిణమా?

చిన్నా విసుక్కున్నాడు. “మెట్లెక్కడానికి కూడా చెప్పాలా అమ్మా?” నాకు మాత్రం కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు. ఎనిమిదేళ్లు లెక్కలు చెప్పినదాన్ని, మంచి పాఠం కళ్లబడితే పోల్చుకోగలను. 1986 నాటికి ఇక్కడి పిల్లలకి మారియో తెలుసు. దూకడం, పరిగెత్తడం తెలుసు. ఒక మనిషిగా మారి, ఊళ్లో వాకబు చేసి, డబ్బు కూడబెట్టి, నెమ్మదిగా పెద్దవడం అనే ఆట చాలామంది చూసి ఉండరు. వాళ్లకి ముందుమాట చదివి వినిపించలేదు. ఒక గదిలో పెట్టి తాళం వేశారు. బయటపడాలంటే ఆటలో అవసరమయ్యే పనుల్లో సగం చేతులతో చేసే రావాలి. బయటికొచ్చేసరికి పాఠం అయిపోయింది. పాఠం జరిగిందని ఆ పిల్లాడికి తెలియను కూడా తెలియదు.

ఇంకోటి. మనిషి బొమ్మ ఎటు నడిచినా ముఖం మన వైపే ఉంటుంది. పక్క నుంచీ వెనక నుంచీ బొమ్మలు గీసి పెట్టేంత జాగా లేదు. ఎండ్రకాయ నడక. అందుకే మాట్లాడేటప్పుడు దిక్కు అడుగుతున్నది. ఆ లోటు వల్లే ఇవాళ నాకు నాలుగు దిక్కుల పేర్లు నోటికొచ్చాయి. ‘నిషి’ అంటే పడమర. ఏడాదిన్నరగా నిషికసాయి స్టేషన్లో రైలెక్కుతూ, ఊరి పేరులో పడమర ఉందని ఇవాళ రాజుగారి గదిలో తెలిసింది.

కోట బయటికి రాగానే నీళ్లకి అవతల ఒక నల్ల కోట కనబడింది. ఎవరిదని చిన్నా అడిగాడు. నాకు అప్పుడే తెలిసిపోయింది. చివరి శత్రువు ఇల్లు మొదటి అడుగులోనే కనబడుతోంది. మధ్యలో ఉన్నది కొద్దిపాటి నీళ్లే, కానీ దాటడానికి దారి లేదు.

జూన్ 3, మంగళవారం

రాజుగారిచ్చిన డబ్బు 120. ఆటలో దాన్ని గోల్డ్ అంటారు, నేను కాసులని రాసుకుంటున్నా. పక్క ఊళ్లో కొట్టు ధరలు ఇవి: వెదురు కర్ర 10, దుడ్డుకర్ర 60, రాగి కత్తి 180. నూలు బట్టలు 20, తోలు చొక్కా 70, తోలు డాలు 90.

రాత్రి అంట్లు తోముతూ కూడా ఈ లెక్కే. కత్తి ఊసు వద్దు, 180. దుడ్డుకర్రా తోలు చొక్కా రెండూ కావాలనిపిస్తుంది. కలిపితే 130. పది కాసులు తక్కువ! దుడ్డుకర్రతో నూలు బట్టలు తీసుకుంటే 80. వెదురు కర్రతో తోలు చొక్కా తీసుకున్నా 80. అంటే బాగా కొట్టగలగాలా, బాగా తట్టుకోగలగాలా అన్నది మనం తేల్చుకోవాలి, ఖర్చు ఒకటే. మిగిలిన 40లో 24 పెట్టి ఒక మందాకు కొనొచ్చు, 6 పెట్టి సత్రంలో ఒక రాత్రి పడుకోవచ్చు. అదీ కాదంటే డాలు, నూలు బట్టలు, వెదురు కర్ర తీసుకోవచ్చు. 90, 20, 10. ఖాళీ జేబుతో, సరిగ్గా 120కి.

ఆ పది కాసుల తక్కువ యాదృచ్ఛికమంటే నేను నమ్మను. అన్నీ కొనగలిగితే ఆలోచించే పని లేదు, ఏమీ కొనలేకపోతే ఆలోచించి లాభం లేదు. ఆరు ధరలూ ఒక మొత్తమూ ఇచ్చి పిల్లాడి చేత ఇంత లెక్క చేయించిన అభ్యాసం నా పాఠ్యపుస్తకాల్లో ఒక్కటీ గుర్తు రావడం లేదు. చిన్నా వేళ్ల మీద లెక్కేసి డాలు ఎంచుకున్నాడు. “ముందు చావకూడదు కదా,” అన్నాడు.

తరవాత స్లైము. నీలం నీటిబొట్టు, పైన కొన, పెద్ద కళ్లు, నవ్వు మొహం. జారిపోయే బురద ముద్దలా ఉండాల్సినదాన్ని అకిరా తొరియామా ఇలా గీశారట. ఒక్కో స్లైముని కొడితే వచ్చే అనుభవం ఒకటి. రెండో లెవెల్‌కి కావాల్సింది ఏడు. వేరే ఏవీ ఎదురు కాకపోతే ఏడు స్లైములు. మేం ఏడూ లెక్కపెట్టాం. ఏడోది పడగానే చిన్న సంగీతం మోగింది, చిన్నా నా మెడ పట్టుకుని ఊగాడు.

జూన్ 8, ఆదివారం

చచ్చిపోయాం.

అత్యాశకి పోయి చాలా దూరం నడిచాం. తెర చీకటైంది, మళ్లీ రాజుగారి ముందు లేచాం. చచ్చిపోవడమేమిటయ్యా అని ఆయన కోప్పడ్డారు. చేతిలో డబ్బు సగమైంది. చిన్నా ఏడుపు మొహం పెట్టి అంతా పోయిందన్నాడు. చూస్తే పోలేదు. లెవెల్ అలాగే ఉంది. అనుభవం ఒక్కటి కూడా తగ్గలేదు. కర్ర, బట్టలు, డాలు అన్నీ ఉన్నాయి. పోయింది డబ్బులో సగమే.

ఇక్కడ కాసేపు ఆగాలి.

గుంటూరులో నేను పనిచేసిన స్కూల్లో ప్రతి సోమవారం పరీక్ష. మార్కులు తగ్గినవాణ్ని కింది సెక్షన్‌కి మార్చేవాళ్లం. కొత్త సెక్షన్, కొత్త బెంచీ, మళ్లీ మొదటి పాఠం. వాడికి వచ్చిన భిన్నాలు వాడి బుర్రలోనే ఉన్నా, వాడి చుట్టూ ఉన్న ప్రతిదీ నీకేమీ రాదనే చెప్పేది. ఆ జాబితాలు నా చేత్తో రాసి నోటీసు బోర్డుకి అంటించా. ఒక అబ్బాయి జాబితా చూసి, తన పేరు కింద ఉన్న గీతని గోటితో గీకడం నాకింకా కళ్లకి కట్టినట్టుంది.

ఈ ఆటలో ఓటమికి ధర ఉంది. సగం డబ్బంటే రాగి కత్తి ఇంకో రెండు రోజులు వెనక్కి పోవడం. అది నొప్పే, నొప్పి లేకపోతే జాగ్రత్త రాదు. కానీ నేర్చుకున్నదాని జోలికి ఎవరూ రారు. చేతులు చురుగ్గా లేని పిల్లాడైనా, మా అత్తగారైనా, ఓపిగ్గా స్లైముల్ని కొడుతూ పోతే చివరి గది దాకా వెళ్లగలరు. ముందు గది దాటలేనివాడికి ఇంకో దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది: ఇంకాస్త తిరిగి రా. ఈ ఒక్క నియమాన్ని ఆటకి పునాదిగా వేసిన యూజీ హొరీని కలిస్తే నమస్కారం పెడతా.

జూన్ 14, శనివారం

సెన్సేయి తన పాత గైడు పుస్తకం తెచ్చిచ్చారు, అట్ట ఊడిపోయింది. అందులో లెవెళ్ల పట్టిక ఉంది. రైల్లో చదువుకుంటూ దిగాల్సిన స్టేషన్ దాటిపోయా.

మొత్తం అనుభవం 7 అయితే రెండో లెవెల్. తరవాత 23, 47, 110, 220, 450, 800. మొదట్లో ఇంచుమించు రెట్టింపులు. ఆపైన ఆ నిష్పత్తి మెల్లగా తగ్గుతుంది. పదహారో లెవెల్‌కి 13,000. అక్కణ్నించి ప్రతి లెవెల్‌కీ సరిగ్గా 4,000, తిన్నని గీత. ఇరవై తొమ్మిదికి 65,000. చివరిదైన ముప్పైకి 65,535! ఆఖరి మెట్టు 535 మాత్రమే. ఎందుకంటే పదహారు బిట్ల గడిలో పట్టే అతి పెద్ద సంఖ్య అదే. మెట్లు కట్టుకుంటూ పైకి పోయి, పైకప్పు తగిలిన చోట ఆఖరి మెట్టు వేశారు. ఎంత ముచ్చటగా ఉందో.

ఆట దాచుకునే పద్ధతి గురించి కూడా ఇవాళే చెప్పారు. మేం ఇన్నాళ్లూ రాజుగారు చెప్పింది రాసుకుంటూనే ఉన్నాం గానీ, దాని వెనక సంగతి తెలియదు. క్యాసెట్లో గుర్తుపెట్టుకునే జాగా లేదు. అందుకని రాజుగారు ‘పునరుజ్జీవన మంత్రం’ చెబుతారు, ఇరవై హిరగానా అక్షరాలు. అయిదు, ఏడు, అయిదు, మూడు చొప్పున నాలుగు ముక్కలు. హైకూ నడక, చివర మూడు అక్షరాల తోక. నా పేరు, అనుభవం, డబ్బు, కత్తి, ఎవర్ని కాపాడాను, అంతా ఆ ఇరవై అక్షరాల్లో ఉంటుంది. వాడేవి 64 అక్షరాలు. మర్నాడు అదే మంత్రం అప్పజెబితే నిన్నటి మనిషి లేచి నిలబడతాడు. ఒక్క అక్షరం తప్పినా మంత్రం తప్పని చెప్పి ఊరుకుంటుంది.

“నాదీ అలాగే పోయింది,” అన్నారు సెన్సేయి. 1986 ఆగస్టు చివర, సెలవులు అయిపోతున్నాయి. పదిహేడో లెవెల్. వాళ్లమ్మ అన్నానికి పిలుస్తుంటే గబగబా రాసుకుని టీవీ కట్టేశారు. మర్నాడు ఆ మంత్రం పనిచేయలేదు. ఎన్నిసార్లు మార్చి మార్చి చూసినా లేదు. నోటుపుస్తకాన్ని బీరువాలోకి తోసి, క్యాసెట్ ఎవరో బంధువుల అబ్బాయికి ఇచ్చేశారట. “తరవాతి ఆటలన్నీ ఆడాను. మొదటిది మాత్రం ఇంతవరకూ పూర్తి చేయలేదు.” నవ్వుతూనే అన్నారు, కానీ బోర్డు తుడవడం మొదలుపెట్టారు, తుడవడానికి అక్కడేమీ లేకపోయినా.

జూన్ 22, ఆదివారం

వాన. వంతెన దాటాం. ఇటు ఉన్నంతసేపు మందాకు అక్కర్లేదు. వంతెన దాటిన నాలుగో అడుగులో తేలు కుట్టింది, ప్రాణం సగం. బోర్డు లేదు, హెచ్చరిక లేదు, కంచె లేదు. కానీ ఇప్పుడు వంతెన కనబడగానే చిన్నా ఆగి, ఎంత ప్రాణం ఉంది, ఎన్ని మందాకులున్నాయి అని చూసుకుంటున్నాడు. రోడ్డు దాటేటప్పుడు కూడా వీడు అలా ఆగితే బాగుండును.

జూలై 5, శనివారం

హొరీ గురించి తెలిసినవి రాసుకుంటున్నా, మర్చిపోకుండా. పుట్టింది అవాజీ దీవిలో, 1954లో. మొదట పత్రికలకి రాసుకునే మనిషి. 1982లో ఎనిక్స్ కంపెనీ ప్రోగ్రాముల పోటీ పెడితే టెన్నిస్ ఆట పంపి నెగ్గారు. అదే పోటీలో నెగ్గిన ఇంకో కుర్రాడు కోయిచీ నకమురా, అప్పటికి హైస్కూలు. ఇద్దరూ కలిసి అమెరికా కంప్యూటర్ ఆటలు విజార్డ్రీ, అల్టిమా మీద మనసు పారేసుకున్నారు. వాటిని ఆడాలంటే కీబోర్డు కావాలి, ఓపిక కావాలి, చేతిలో మందపాటి పుస్తకం ఉండాలి. కొద్దిపాటి బొత్తాలే ఉన్న పిల్లల యంత్రం మీదకి దాన్ని తేవాలనుకున్నారు. బొమ్మలు తొరియామా గీశారు, సంగీతం కోయిచీ సుగియామా కట్టారు. 1986 మే 27న ఆట వచ్చింది. సుగియామా 2021లో, తొరియామా పోయినేడాది వెళ్లిపోయారు.

పత్రికా రచయిత కట్టిన ఆట అని తెలిశాక చాలా విషయాలు అర్థమయ్యాయి. ఊళ్లో ఎవరితో మాట్లాడినా రెండు మూడు ముక్కలే. వాటిలో ఒకటి పనికొచ్చే కబురు, ఒకటి ఆ మనిషి బతుకు. నీళ్లకి అవతలి కోటకి వంతెన కావాలంటే మూడు వస్తువులు దొరకాలి. వాటి కోసం లోకమంతా తిరిగి అలిసిపోయాక తెలిసిందేమంటే, అందులో ఒకటి మనం మొదలుపెట్టిన కోట అడుగు గదిలోనే ఉంది. చంకలో పిల్లాణ్ని పెట్టుకుని ఊరంతా వెతికినట్టే.

జూలై 21, సోమవారం

సెలవులు మొదలయ్యాయి. రాకుమారిని కాపాడాం. బురదనేల గుహలో, కాగడా వెలుగు మన చుట్టూ ఒక్క గడి మేరే పడే చీకట్లో, పచ్చ డ్రాగన్ కాపలా. మూడుసార్లు చచ్చాం. నాలుగోసారి రెండు ప్రాణం మిగిలి ఉండగా అది పడింది. రాకుమారిని చేతుల మీద ఎత్తుకుని కోటదాకా మోసుకొచ్చాం. నడిచేటప్పుడు బొమ్మలో నిజంగానే ఆమె చేతుల్లో ఉంటుంది.

ఒక గమ్మత్తు. తనని తీసుకెళతావా అని ఆమె అడుగుతుంది. చిన్నా కావాలని ‘కాదు’ నొక్కాడు. అంత అన్యాయమా అని మళ్లీ అడిగింది. మళ్లీ కాదన్నాడు. మళ్లీ అడిగింది. పదిసార్లు నొక్కాడు. ‘అవును’ అనేదాకా ఆమె వదలదు. పడీ పడీ నవ్వాడు. అప్పట్నించి ఎవరేం అడిగినా చదవకుండా ‘అవును’ నొక్కేస్తున్నాడు, ఎలాగూ ఒకటే కదా అని.

రాకుమారి ఒక కానుక ఇచ్చింది. దాన్ని తీస్తే, ఇక్కణ్నించి కోట ఏ దిక్కున ఎంత దూరమో చెబుతుంది. మెరుకిదో అనే కోట ఊళ్లో ఒకాయన చెప్పిన గుర్తు ఉండనే ఉంది: కోట ఉత్తరానికి 70, పడమరకి 40 ఉన్న చోట వెతకమని. అంతే, చిన్నా గ్రాఫ్ కాయితం తెచ్చాడు! నేను తెమ్మనలేదు. కోటని సున్నా దగ్గర పెట్టాడు. “అయితే మనం దక్షిణానికి 70, తూర్పుకి 40 పోవాలి, తిరగేయాలి కదా అమ్మా?” అన్నాడు. విషపు బురదలో, అడుగు అడుక్కీ ప్రాణం తగ్గుతుండగా, ఆ గడిలో నిలబడి ‘వెతుకు’ అన్నాం. పూర్వవీరుడు రోతో చిహ్నం దొరికింది.

గ్రాఫు మీద బిందువు గుర్తించడం ఎంతమంది పిల్లలకి చెప్పానో లెక్కలేదు. ఎందుకు అని అడిగినవాళ్లకి పరీక్షలో వస్తుందని చెప్పేదాన్ని.

ఆగస్టు 3, ఆదివారం

రాత్రి పదకొండున్నర. చిన్నా ఇప్పుడే పడుకున్నాడు, కళ్లు ఉబ్బి ఉన్నాయి.

నాలుగింటికి రాజుగారి దగ్గర మంత్రం రాసుకుని బయల్దేరాం. ఇరవై ఒకటో లెవెల్. ఇంద్రధనుస్సు వంతెన పడింది, నీళ్లు దాటాం. మొదటి రోజు చూసిన ఆ నల్లకోట లోపల చీకటి, అంతస్తు కింద అంతస్తు. రోతో కత్తి దొరికింది. చివరి గదిలో ర్యూఓ సింహాసనం మీద కూర్చుని ఉన్నాడు. కొట్లాటకి దిగకుండా మాట్లాడాడు. తన పక్షాన చేరితే లోకంలో సగం ఇస్తాడట. చిన్నా ‘అవును’ నొక్కాడు. నిజమేనా అని అడిగాడు. ‘అవును.’

సగమంటే చీకటి సగమట. అది నీకే అన్నాడు. ఒక మంత్రం కూడా చెప్పాడు, రాసుకోమన్నాడు. ఇక నీ ప్రయాణం అయిపోయింది, పడుకో అన్నాడు. అంతే, ఆట బిగుసుకుపోయింది. ఏ బొత్తామూ పనిచేయదు. యంత్రం కట్టేసి, ర్యూఓ ఇచ్చిన మంత్రం కొట్టి చూశాం. కమర ఒకటో లెవెల్లో లేచింది. అనుభవం సున్నా. చేతులు ఖాళీ.

చిన్నా గట్టిగా ఏడ్చాడు. నేను వాడి పక్కనే కూర్చున్నా. వాడి మీద కోపం రాలేదు, ఆట మీదా రాలేదు. ఎన్ని చావులు చచ్చామో. ఏ చావూ మా నుంచి అనుభవం తీసుకోలేదు. ఈ ఒక్క మాట అంతా తీసేసుకుంది. రాకుమారి దగ్గర పదిసార్లు కాదన్నా ఏమీ కాలేదు కాబట్టి, అవుననడానికి బరువు లేదని వాడికి అలవాటైంది. బరువున్న చోట కూడా అలాగే అనేశాడు. ఈ దెబ్బ కోసం ఆట మొత్తం కాచుకుని కూర్చున్నట్టుంది. రెండు మాటల ఆ చిన్న పెట్టెతో ఇంత పని చేయించవచ్చని నాకెప్పుడూ తోచలేదు.

వాడు వెక్కుతుండగా ఈ పుస్తకం వెనక పేజీలు తిప్పా. నాలుగింటి మంత్రం ఉంది. నేను ఒక్కో అక్షరం చదివా, వాడు ముక్కు తుడుచుకుంటూ కొట్టాడు. ఇరవయ్యోది పడగానే రాజుగారి సంగీతం. ఇరవై ఒకటో లెవెల్. సాయంత్రం నడక పోయింది, రోతో కత్తి పోయింది. కమర ఉంది.

ఆగస్టు 10, ఆదివారం

గెలిచాం. ర్యూఓ అడిగాడు, చిన్నా ప్రశ్న బయటికి చదివి, ఆగి, ‘కాదు’ నొక్కాడు. వాడి మాంత్రికుడి రూపం పడ్డాక డ్రాగన్‌గా లేచాడు. మందాకులన్నీ అయిపోయాయి. చివరి దెబ్బ మాదే. రాత్రి పాయసం చేశా.

అక్టోబరులో మొదటి రెండు ఆటలూ కొత్త బొమ్మలతో మళ్లీ వస్తున్నాయి. మా వారు కొందామన్నారు. కొందాం. తాళం వేసిన గది అందులోనూ ఉండాలని మాత్రం కోరుకుంటున్నా.

ఆగస్టు 23, శనివారం

ఓబోన్ పండక్కి సొంతూరు వెళ్లొచ్చిన సెన్సేయి క్లాసయ్యాక ఒక నోటుపుస్తకం తీశారు. పురుగు తిన్న అంచులు, అట్ట మీద తూనీగ బొమ్మ. చివరి పేజీలో పెన్సిల్‌తో ఇరవై అక్షరాలు, అయిదు, ఏడు, అయిదు, మూడు. చుట్టూ కొట్టివేతలు, పదేళ్ల పిల్లాడు మార్చి మార్చి చూసిన గుర్తులు.

ఇంటికి రమ్మన్నా. మా వారు కాఫీ కలిపారు. రాసింది రాసినట్టు కొట్టి చూశాం, మంత్రం తప్పన్నది. “నేనూ అన్నీ చూశాను,” అన్నారు సెన్సేయి. అన్నీ చూసి ఉండరు. తప్పింది ఒక్క అక్షరమే అనుకున్నా, ఇరవై చోట్లు, చోటుకి 63 చొప్పున 1,260 మార్పులు. కానీ తొందరలో రాసే పిల్లాడు ఏ అక్షరం బదులు ఏ అక్షరమైనా రాయడు, పోలిక ఉన్నదే రాస్తాడు. మన ‘ప’కీ ‘వ’కీ తలకట్టు దగ్గరే తేడా వచ్చినట్టు, వీళ్ల ‘ను’కి తోకలో చిన్న మెలిక ఉంటుంది, అది లేకపోతే ‘మె’. ‘నె’, ‘రె’, ‘వ’ మూడూ అక్కచెల్లెళ్లు. ‘హ’కి పైన ఒక గీత చేరిస్తే ‘హొ’. ‘రు’, ‘రొ’ కవలలు. ఇవి కాక, పక్కన రెండు చుక్కలు పడితే ‘క’ కాస్తా ‘గ’ అవుతుంది. చిన్నా కాయితం మీద జంటలన్నీ రాశాడు. ఈ ఇరవైలో వర్తించేవి ముప్పై ఒకటి తేలాయి.

వరసగా మొదలుపెట్టాం. నేను చదవడం, చిన్నా కొట్టడం, సెన్సేయి కాయితం మీద టిక్కు పెట్టడం. తప్పు. తప్పు. కాఫీ చల్లారింది. పద్దెనిమిదోది: రెండో ముక్కలో నాలుగో అక్షరం, ‘ను’ తీసి ‘మె’.

రాజుగారి సంగీతం మోగింది.

ఎవరం కదల్లేదు. తెర మీద రాజుగారు వీరుణ్ని పేరు పెట్టి పిలిచారు. “కొరో.”

“మా కుక్క,” అన్నారు సెన్సేయి. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. “నా పేరు పెట్టుకోలేదు. దాని పేరు పెట్టాను.”

తరవాతి లెవెల్‌కి ఇంకా 1,280 అనుభవం కావాలన్నారు రాజుగారు. ముప్పై తొమ్మిదేళ్ల కిందట ఆ అన్నాల వేళ ఎంత మిగిలిందో అంతే.

“స్లైములైతే 1,280,” అన్నాడు చిన్నా, బొత్తాల పెట్టె ఆయన చేతిలో పెడుతూ. ఆయన దాన్ని రెండు చేతులా పట్టుకుని కాస్త ముందుకి జరిగి కూర్చున్నారు. కొరో ముఖం మా వైపే ఉంచి, పక్కకి, తూర్పుకి నడవడం మొదలుపెట్టాడు.